పోర్ట్‌ఫోలియోలో రైస్ మిల్లును పైకి తెండి

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక రెండేళ్లుగా మిర్యాలగూడలోనే ఉండి చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిస్తున్నాను. హైదరాబాద్‌లో వెబ్ డిజైనర్ ఉద్యోగాలకు అప్లై చేస్తే ఒక్క పిలుపూ రావడం లేదు. డిగ్రీలో చేసుకున్న పోర్ట్‌ఫోలియో సైట్ (నా పనులు చూపించే సైట్) లింకు పంపిస్తున్నాను. దాన్ని తీసేసి త్రీడీ యానిమేషన్లతో కొత్తగా కట్టాలనుకుంటున్నా. నాన్నేమో అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సైట్ మార్చాల్సిందే, కానీ త్రీడీ జోలికి వెళ్లకండి.

మీ లింకు ఫోన్‌లో తెరిచి చూశాను. మొదట "హాయ్, నేను క్రియేటివ్ డిజైనర్‌ని", ఆ కింద వెబ్ పేజీలు కట్టే భాషలు మీకెంత వచ్చో చూపిస్తూ హెచ్‌టీఎంఎల్ 95 శాతం, సీఎస్ఎస్ 90 శాతం అంటూ పట్టీలు. (ఆ మిగతా 5 శాతంలో ఏముందని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు?) తర్వాత ప్రాక్టీసుకు చేసిన ఫుడ్ డెలివరీ యాప్ నకళ్లు. ఇవన్నీ దాటి అడుగుకు వెళ్తే రైస్ మిల్లు సైటు, బత్తాయి వ్యాపారి ఆర్డర్ పేజీ కనిపించాయి. ఎవరో డబ్బిచ్చి చేయించుకున్న పనులు ఆ రెండే. వాటికి చెరో స్క్రీన్‌షాట్ పెట్టి వదిలేశారు.

వాటిని పైకి తెండి, నకళ్లు తీసేయండి. రెండు పనులే ఉంటే తక్కువనిపిస్తుందని భయపడకండి. ఒక్కోదానికి ఒక పేజీ రాయండి. మిల్లు యజమాని మొదట ఏం అడిగారు? సైట్‌కు వచ్చేది ఎవరు, బియ్యం రకాలు, బస్తా సైజులు వెతికే హోల్‌సేల్ వ్యాపారులా? వాళ్లకు ఫోన్ నంబర్ ఎక్కడ పెడితే వెంటనే దొరుకుతుందని అనుకున్నారు? యజమాని అడిగినదాంట్లో దేన్ని వద్దన్నారు, ఎలా ఒప్పించారు? డిజైనర్‌ను తీసుకునేవాళ్లు వెతికేది ఈ ఆలోచననే. పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టండి. "అమ్మకాలు 40 శాతం పెరిగాయి" లాంటివి మాత్రం కల్పించకండి. ఏమైనా తేడా వచ్చిందా అని యజమానినే అడిగి, ఆయన చెప్పింది ఆయన అనుమతితో రాయండి.

ఇంకో సంగతి మీకే తట్టలేదేమో. ఊళ్లో ఫ్లెక్సీ షాపు వాళ్లు మ్యాటర్‌ను 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో ఇస్తారు. దాన్ని వెబ్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. చాలామంది దాన్ని బొమ్మగా మార్చి పెట్టేస్తారు. అప్పుడు గూగుల్‌కు ఆ అక్షరాలు దొరకవు, చూపులేని వాళ్ల స్క్రీన్ రీడర్ కూడా చదవలేదు. బత్తాయి పేజీలో మీరు దాన్ని ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనబడే యూనికోడ్‌లోకి మార్చి, నోటో సాన్స్ తెలుగు ఫాంట్ వాడి, వత్తులు కింది వరుసకు తగలకుండా లైన్ హైట్ (వరుసల మధ్య ఎడం) పెంచారు. ఎంత మంచి పని! సైట్‌లో దాని గురించి ఒక్క ముక్కైనా రాయలేదు.

త్రీడీ ఎందుకు వద్దంటున్నానంటే, వెబ్ డిజైనర్ సైటే అతని మొదటి శాంపిల్. పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. త్రీడీ పెడితే పేజీ బరువెక్కి ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఇప్పటికే మీ ఫొటోలు బరువుగా ఉన్నాయి, తక్కువ సైజులో ఉండే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చండి. పేజీ వేగాన్ని పరీక్షించే క్రోమ్‌లోని లైట్‌హౌస్‌తో ఒకసారి చూసుకోండి. తెల్లటి నేల మీద లేత బూడిద అక్షరాలూ మార్చాలి. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకూ నేల రంగుకూ మధ్య వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి.

డిజైన్ గీసే ఫిగ్మా తెరవకముందే ఆ రెండు పేజీల రాత కాగితం మీద పూర్తి చేయండి. సొంత సైటుకు గడువు అడిగే కస్టమర్ ఉండడు కాబట్టి రంగులు మారుస్తూ ఏడాది గడిపేవాళ్లున్నారు. ఒక తేదీ పెట్టుకోండి, ఆ రోజుకు ఎంత అయితే అంత పబ్లిష్ చేయండి. గిట్‌హబ్ పేజెస్‌లో హోస్టింగ్ (సైట్‌ను నెట్‌లో ఉంచడం) ఉచితం. సొంత డొమైన్ పేరుకు మాత్రం కొంత ఖర్చు పెట్టండి.

నాన్నగారి మాట కొట్టిపారేయను. జావాస్క్రిప్ట్‌లో తడబడుతుంటే కోర్సు పనికొస్తుంది. సర్టిఫికెట్ కోసమే అయితే ఫీజు, హాస్టల్ ఖర్చు దండగ. హైదరాబాద్‌తో పాటు దగ్గర్లోనూ అడిగి చూడండి. 2023లో నల్గొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు తెరిచారు.

ఇప్పటికే పంపిన రెజ్యూమెల్లో పాత లింకే ఉంది కదా. డొమైన్ మారిస్తే పాతదాన్నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టడం మర్చిపోకండి, పాత లింకు నొక్కినవాళ్లు దానంతట అదే కొత్త సైటుకు వస్తారు.