కంది కాయ మీది నూగు పురుగు, పక్కన వాలిన సన్నరెక్కల పురుగు ఒకటేనా?

అవునండీ, ఒకటే. టీ అక్షరంలా రెక్కలు అడ్డంగా చాచి వాలే ఆ సన్నటి గోధుమరంగు పురుగు తల్లి, కాయకు అంటుకుని కనపడేది దాని పిల్ల. కందిలో దీన్ని ఈకరెక్కల పురుగు అంటారు, శాస్త్రీయ నామం ఎక్సెలాస్టిస్ అటోమోసా. మా చేలో పూతతోపాటే దిగుతుంది కాబట్టి దగ్గరగా చూస్తూనే ఉంటాను.

వాలినప్పుడు రెక్క ఎండుపుల్లలా ఉంటుంది గానీ విప్పితే ముందు రెక్క రెండుగా, వెనక రెక్క మూడుగా చీలి, అంచుల వెంట మెత్తటి కుచ్చుతో ఎంత బాగుంటుందో! గుడ్లు మొగ్గల మీద, పూల మీద, లేత కాయల మీద ఒక్కొక్కటిగా పెడుతుంది, అందుకే అవి మన కంటికి ఆనవు. పిల్లపురుగు ముందు మొగ్గలూ పూలూ తిని, తర్వాత కాయ పైతోలు గీకి, రంధ్రం చేసి, తల లోపలికి దూర్చి గింజ తింటుంది, ఒళ్లు మాత్రం బయటే. శనగపచ్చ పురుగు కూడా ఇలాగే సగం బయట ఉండి తింటుంది కాబట్టి దాన్నిబట్టి పోల్చుకోలేం. సైజు చూడండి: ఇది బాగా ఎదిగినా సుమారు 12 మిల్లీమీటర్లే, ఒళ్లంతా పొట్టి వెంట్రుకలు, ముళ్లు. మారుకా అనే మరో కాయతొలుచు పురుగైతే పూలనూ కాయలనూ కలిపి గూడు అల్లుతుంది, దీనికి ఆ అల్లిక ఉండదు.

ఇక మీ అసలు టెన్షన్, మందు కొట్టినా పురుగు కాయ మీదే ఉందని. అది ప్యూపా అయి ఉండొచ్చు, అంటే పిల్లపురుగు రెక్కల పురుగుగా మారే ముందు తిండి మాని ఉన్నచోటే ఉండే దశ. ఈ పురుగు ప్యూపాగా మారేటప్పుడు మట్టిలోకి దిగదు, కాయ మీదే అతుక్కుంటుంది, ఒక్కోసారి తను చేసిన రంధ్రంలోనే. ప్యూపాకీ నూగు ఉంటుంది కాబట్టి అచ్చం పురుగే అనిపిస్తుంది, అది చూసి మందు పనిచేయలేదనుకుని వెంటనే ఇంకోసారి కొట్టేవాళ్లను చాలామందిని చూశాను, నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే ఈ పిల్లపురుగుల్ని లోపల్నుంచి తినేసే అపాంటెలిస్ అనే చిన్న కందిరీగ జాతి కూడా అదే చేలో ఉంటుంది, ఆ మందుకి అదీ పోతుంది.

గడ్డిపరకతో మెల్లగా కదపండి. పురుగైతే పాకుతుంది, ప్యూపా అయితే మహా అయితే మెలికలు తిరుగుతుంది, ఉన్నచోటు వదలదు. అప్పటికీ అనుమానమైతే ఆ కాయను గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంచండి, కొద్దిరోజుల్లో రెక్కల పురుగు బయటికొస్తుంది, నేనూ అలాగే తేల్చుకుంటాను. మళ్లీ మందు కొట్టాలా వద్దా అనేది మాత్రం చేను నలుమూలలా తిరిగి, పాకే పురుగులు ఇంకా ఉన్నాయో లేదో చూశాకే నిర్ణయించుకోండి.