నోటీసు ఫీజు కట్టలేదని పిల్లల పరీక్ష సర్టిఫికెట్లు ఆపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బ్రిటిష్ పాఠ్యప్రణాళికను అనుసరించే ఒక ప్రైవేటు పాఠశాలలో ఇయర్ 11 (దాదాపు మన పదో తరగతి) పూర్తిచేసి, పియర్సన్ ఎడెక్సెల్ అనే బ్రిటిష్ పరీక్షా బోర్డు వారి ఇంటర్నేషనల్ జీసీఎస్‌ఈ పరీక్షలు రాసింది. ఫలితాలు వచ్చాక ఏ లెవెల్ (మన ఇంటర్మీడియట్ వంటి రెండేళ్ల) చదువు కోసం మరో పాఠశాలలో చేర్పించాము. మానేసే ముందు ఒక టర్మ్ (విద్యా సంవత్సరంలో ఒక భాగం) ముందుగా నోటీసు ఇవ్వలేదు కాబట్టి నోటీసు ఫీజు కింద పూర్తి టర్మ్ ఫీజు కట్టాలనీ, అంతవరకు సర్టిఫికెట్లు ఇవ్వబోమనీ పాత పాఠశాల చెబుతోంది. చదవని టర్మ్‌కు ఫీజు కట్టాలా? సర్టిఫికెట్లు ఆపే హక్కు వారికి ఉందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. పాఠశాల వాటిని కలిపి ఒకే బేరంగా మీ ముందు పెట్టింది. ఫీజు విషయంలో వారి వాదనకు కొంత బలం ఉండవచ్చు కానీ, సర్టిఫికెట్ల విషయంలో వారి వైఖరి నిలవదని నా అభిప్రాయం. మీ అమ్మాయి చదువుకు సంబంధించినది కాబట్టి సర్టిఫికెట్ల సంగతే ముందు చెబుతాను.

ఇంటర్నేషనల్ జీసీఎస్‌ఈ సర్టిఫికెట్‌ను ఇచ్చేది పరీక్షా బోర్డు. పాఠశాల ఆ బోర్డు గుర్తించిన పరీక్షా కేంద్రం మాత్రమే. విద్యార్థుల పేర్లు నమోదు చేయడం, పరీక్షలు జరపడం, బోర్డు పంపిన సర్టిఫికెట్లను వారికి అందజేయడం కేంద్రంగా దాని విధులు. పియర్సన్, బ్రిటన్‌లోని పరీక్షా బోర్డుల ఉమ్మడి సంస్థ అయిన జాయింట్ కౌన్సిల్ ఫర్ క్వాలిఫికేషన్స్‌లో సభ్యసంస్థ. కేంద్రాల కోసం ఆ కౌన్సిల్ ప్రచురించే సాధారణ నిబంధనల్లో ఈ విషయం స్పష్టంగా ఉంది: ఫీజు చెల్లించకపోవడం వంటి వివాదాలు ఉన్నప్పటికీ సర్టిఫికెట్లను ఆలస్యం లేకుండా అభ్యర్థులందరికీ అందజేయాలి, బోర్డు ముందస్తు అనుమతి లేకుండా ఆపి ఉంచకూడదు, ఆ అనుమతి కూడా అత్యంత అసాధారణమైన పరిస్థితుల్లోనే లభిస్తుంది. మీ పిల్ల కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ పరీక్షలు రాసి ఉంటే ఆ బోర్డు తన కేంద్రాలకు ఇచ్చే హ్యాండ్‌బుక్‌ను చూడవలసి వచ్చేది. మీకు వర్తించేది మాత్రం పై నిబంధనే.

నిబంధన అలా ఉండగా, ప్రవేశ ఒప్పందంలో ‘బకాయి ఉంటే పత్రాలు ఇవ్వము’ అని రాసుకున్నాము కదా అని పాఠశాల అనవచ్చు. ఒప్పందం మీకూ పాఠశాలకూ మధ్య జరిగింది. బోర్డు పట్ల తనకున్న బాధ్యతను మీ చేత సంతకం చేయించుకున్న ఒక వాక్యంతో పాఠశాల రద్దు చేసుకోలేదు. పైగా బాకీ తీరేవరకు ఎదుటివారి పత్రాన్ని తన దగ్గర ఉంచుకోవాలంటే ఆ హక్కు చట్టం నుంచో, చెల్లుబాటయ్యే ఒప్పందం నుంచో రావాలి. బాకీ వసూలుకు సివిల్ దావా మార్గం పాఠశాలకు ఎలాగూ ఉంది. పదహారేళ్ల పిల్ల పరీక్ష ఫలితాన్ని తల్లిదండ్రుల మీద ఒత్తిడికి వాడుకోవడం నాకు ఏమాత్రం సమంజసంగా కనిపించదు. అయితే ఇదంతా బోర్డు సర్టిఫికెట్‌కే వర్తిస్తుంది. పాఠశాల స్వయంగా రాసిచ్చే ప్రోగ్రెస్ రిపోర్టు, రిఫరెన్స్ లేఖ, బదిలీ పత్రం వంటి వాటి సంగతి పాఠశాల ఉన్న దేశపు విద్యాశాఖ నియమాల మీద ఆధారపడి ఉంటుంది. వాటిని ఈ వాదనలో కలపకండి.

ఇక నోటీసు ఫీజు. ఒక టర్మ్ ముందు చెప్పాలి, చెప్పకపోతే ఒక టర్మ్ ఫీజు కట్టాలి అనే షరతు బ్రిటిష్ తరహా ప్రైవేటు పాఠశాలల ఒప్పందాల్లో చాలా పాతది. మౌంట్ వర్సెస్ ఓల్డ్‌హామ్ కార్పొరేషన్ అనే కేసులో (లా రిపోర్టుల్లో 1973) ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఆ ఆనవాయితీని గుర్తించింది. కాబట్టి ‘పిల్ల చదవలేదు కనుక ఫీజు లేదు’ అన్న ఒక్క మాటతో మీరు గట్టెక్కలేరు. మీకు వర్తించేది పాఠశాల ఉన్న దేశపు చట్టమో, ఒప్పందంలో పేర్కొన్న చట్టమో కావచ్చు. ఏ చట్టం వర్తిస్తుందని ఒప్పందంలో రాశారో ముందుగా చూడండి.

ఆపైన మీకున్న అసలు వాదన, ఒప్పందం ఇయర్ 11తోనే ముగిసిందా, లేక ఇయర్ 12 కూడా అందులో భాగమేనా అన్న దాని మీద నిలుస్తుంది. చాలా పాఠశాలలు పరీక్షల్లో నిర్ణీత గ్రేడ్లు వస్తేనే పిల్లలను సిక్స్త్ ఫారంలోకి, అంటే ఏ లెవెల్ చదివే ఇయర్ 12, 13 తరగతుల్లోకి తీసుకుంటాయి. సీటు ఇస్తామో లేదో ఫలితాలు వచ్చేదాకా చెప్పమని పాఠశాల అంటూనే, కొనసాగుతారో లేదో మీరు మాత్రం ఒక టర్మ్ ముందే చెప్పి తీరాలనడం న్యాయమేనా అని మీరు అడగవచ్చు. సీటు అంగీకార పత్రం మీద మీరు సంతకం చేయకపోయి ఉంటే మీ వాదన మరింత బలపడుతుంది. చేసి ఉంటే బలహీనపడుతుంది. మీ పిల్ల ఖాళీ చేసిన సీటు వెంటనే భర్తీ అయిందా అన్నదీ అడిగి తెలుసుకోండి, అయి ఉంటే పాఠశాలకు పెద్దగా నష్టం లేదని మీరు వాదించవచ్చు. ఒప్పంద ఉల్లంఘనకు విధించే మొత్తం ఎదుటి పక్షానికున్న న్యాయమైన ప్రయోజనంతో పోలిస్తే విపరీతంగా ఎక్కువ కాకూడదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. వినియోగదారుల ఒప్పందాల్లో అన్యాయమైన షరతులను నియంత్రించే చట్టాలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. అయినా ఒక టర్మ్ ఫీజును కోర్టులు సాధారణంగా విపరీతంగా భావించకపోవచ్చు కాబట్టి, రాజీకి సిద్ధంగా ఉండడం మంచిది.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. పాఠశాలలో పరీక్షల వ్యవహారాలు చూసే ఎగ్జామ్స్ ఆఫీసరుకు, కేంద్రం అధిపతి హోదాలో ఉన్న ప్రిన్సిపాలుకు ఒకే లేఖ రాయండి. ఫీజు వివాదాన్ని వేరుగా పరిష్కరించుకుందామని తెలిపి, కౌన్సిల్ నిబంధనను ప్రస్తావిస్తూ, సర్టిఫికెట్లు ఏ తేదీలోగా ఇస్తారో లిఖితపూర్వకంగా తెలపమని అడగండి. వారు కాదంటే ఆ ప్రత్యుత్తరాన్ని జతపరచి నేరుగా పియర్సన్‌కు ఫిర్యాదు చేయండి. లేఖ మర్యాదగా ఉండాలి, ఎందుకంటే ఆ పాఠశాలతో మీకు ఇంకా పని పడవచ్చు. గ్రేడ్ల పునఃపరిశీలన కోరవలసి వస్తే ఆ దరఖాస్తు కూడా ఆ పాఠశాల ద్వారానే వెళ్లాలి, దాని గడువు తక్కువ, పైగా పునఃపరిశీలనలో గ్రేడు తగ్గే అవకాశమూ ఉంటుంది.

సర్టిఫికెట్లు ఫలితాల రోజున రావు, తరువాత కొన్ని నెలలకు వస్తాయి. ఈలోగా ఫలితాల రోజున ఇచ్చిన స్టేట్‌మెంట్ ఆఫ్ రిజల్ట్స్‌ను (గ్రేడ్లు తెలిపే తాత్కాలిక పత్రం) కొత్త పాఠశాలకు చూపించండి. ప్రవేశానికి సాధారణంగా అది చాలుతుంది. ఒకవేళ గడువు ముంచుకొచ్చి డబ్బు కట్టక తప్పకపోతే, బాధ్యతను అంగీకరించకుండా, అభ్యంతరంతోనే, సర్టిఫికెట్లు ఆపినందువల్లే చెల్లిస్తున్నానని ముందుగా రాసిచ్చి, ఆ ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకున్న తరువాతే కట్టండి. అలాంటి కాగితం లేకుండా కట్టిన డబ్బును తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.