కరెంటు మీటర్ గురించి మీరడిగినవి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు కరెంటు బిల్లు గురించే, అందరి బాధా ఒకటే, బిల్లు చేతికొచ్చాక గానీ ఎక్కువ కాలిందని తెలియట్లేదు అని. బిల్లులో ఉండేది అయిపోయిన నెల లెక్క. ఈ నిమిషంలో ఇంట్లో ఎంత కాలుతోందో కావాలంటే మీటర్ దగ్గరికే వెళ్లాలి కాబట్టి అన్నిటికీ అక్కడ్నుంచే జవాబు చెప్తున్నా.

ప్రశ్న: మా డిజిటల్ మీటర్‌లో అంకెలు ఆగకుండా మారిపోతూ ఉంటాయండి. ఒకసారి తేదీ, ఒకసారి టైము, తర్వాత ఏవేవో నంబర్లు. ఇందులో అసలు రీడింగ్ ఏది?

జవాబు: అంకె పక్కన చిన్న అక్షరాల్లో కేడబ్ల్యూహెచ్ అని ఎప్పుడు పడుతుందో అప్పటిదాకా ఆగండి, అదే మీ రీడింగ్. ఒక కిలోవాట్ అవర్ అంటే మనం యూనిట్ అనేది అదే, 1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. మిగతావి వోల్టేజ్, ఆంప్స్, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు), ఎండీ అని వచ్చేది మాక్సిమం డిమాండ్, అంటే ఆ నెలలో అన్నిటికంటే ఎక్కువ లోడ్ పడ్డప్పటి లెక్క. కొన్ని మీటర్లలో కేవీఏహెచ్ అని (పవర్ ఫ్యాక్టర్ చూడకుండా వోల్టులనీ ఆంప్స్‌నీ గుణించి వేసే లెక్క) ఇంకో పెద్ద నంబర్ కూడా వస్తుంది, చూడ్డానికి రీడింగ్ లాగే ఉంటుంది, దాన్ని రాసుకుంటే లెక్క మొత్తం తేడా కొడుతుంది, జాగ్రత్త.

ఈ నంబర్ బండి మీద కిలోమీటర్ల లెక్కలాగా పెరుగుతూనే పోతుంది, నెల మారిందని సున్నాకి రాదు. కిందటి రీడింగ్ 8127, ఇప్పుడు 8412 అనుకోండి, తీసేస్తే 285 యూనిట్లు. ఇక్కడితో ఆపేస్తారు చాలామంది, కానీ ఎన్ని రోజులకి 285 అన్నది చూడాలి. 30 రోజులకైతే రోజుకి 9.5. అదే వాడకంతో 27 రోజులకే రీడింగ్ తీస్తే 256 చిల్లర వస్తుంది, 34 రోజులకి తీస్తే 323 వస్తుంది, ఇంట్లో ఏమీ మారకపోయినా బిల్లు మారిపోతుంది. "ఈ నెల ఎందుకింత" అని రాసినవాళ్లు ముందు బిల్లు మీద రెండు తేదీలూ చూడండి దయచేసి.

పాత చక్రం మీటర్ ఉన్నవాళ్లకి ఒక మాట, చివర ఎర్ర గడిలో ఉన్న అంకె పాయింటు తర్వాతది, దాన్ని యూనిట్లలో కలపకూడదు. అంకె రెండిటి మధ్యలో ఆగి ఉంటే చిన్నదే తీసుకోవాలి, 9కీ 0కీ మధ్యలో ఉంటే 9.

ప్రశ్న: మా మీటర్‌లో ఎర్ర లైటు చాలా స్పీడుగా బ్లింక్ అవుతోంది. మీటర్ ఫాస్ట్‌గా తిరుగుతున్నట్టేనా? టెస్టింగ్‌కి అప్లై చేయాలా?

జవాబు: ఆగండి, అప్లై చేసేముందు ఆ లైటు ఏంటో తెలుసుకుంటే సగం అనుమానాలు తీరిపోతాయి. మీటర్ ముఖం మీద 3200 ఇంపల్స్ పర్ కేడబ్ల్యూహెచ్ అనో, 1600 అనో, 1000 అనో ప్రింట్ చేసి ఉంటుంది. అంటే ఆ లైటు అన్నిసార్లు బ్లింక్ అయితే ఒక యూనిట్ అయినట్టు. కాబట్టి స్పీడుగా కొట్టుకుంటోందంటే ఆ టైములో లోడ్ ఎక్కువుందని అర్థం, అంతవరకే, మీటర్ తప్పు చూపిస్తోందని కాదు. పక్కింటి మీటర్‌తో పోల్చి చూస్తారు కొంతమంది, వాళ్లది 1600 మీది 3200 అయితే అదే లోడ్‌కి మీది రెట్టింపు స్పీడుగా కొట్టుకుంటుంది, అయినా యూనిట్లు మాత్రం సమానమే.

నాకు ఈ లైటు అంటే చాలా గౌరవం, ఎందుకంటే ఏ పరికరం కొనకుండా ఇంట్లో ప్రతి వస్తువు ఎంత తాగుతోందో దీంతోనే తేల్చేయొచ్చు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి, ఒక బ్లింక్ దగ్గర మొదలుపెట్టి దాని తర్వాత పది బ్లింకులయ్యేదాకా టైము చూడండి, పదితో భాగిస్తే ఒక్క బ్లింక్‌కి ఎన్ని సెకన్లో వస్తుంది. 3200 మీటర్ అయితే 1125ని ఆ సెకన్లతో భాగించండి, వచ్చేది వాట్లు. పది బ్లింకులకి 15 సెకన్లు పట్టిందంటే ఒక్కోదానికి ఒకటిన్నర, అంటే ఇంట్లో అప్పుడు 750 వాట్లు నడుస్తున్నాయి. 1600 మీటర్ అయితే 1125 బదులు 2250, 1000 మీటర్ అయితే 3600. ఇప్పుడు ఒక వస్తువు ఆపి మళ్లీ లెక్కపెట్టండి, ఎంత తగ్గిందో అదే ఆ వస్తువు వాటా. మధ్యలో ఫ్రిజ్ ఆన్ అయిందంటే లెక్క చెడిపోతుంది, అందుకని కొలిచే ఆ పది నిమిషాలు ఫ్రిజ్ ఆపేసుకోండి.

మీటర్ కరెక్టేనా అన్న అనుమానం కూడా ఇలాగే చూసుకోవచ్చు, అన్నీ ఆపేసి 2000 వాట్ల గీజర్ ఒక్కటే వేస్తే 3200 మీటర్‌లో నిమిషానికి సుమారు 107 బ్లింకులు రావాలి. కానీ ఒక మెలిక ఉంది. గీజర్ మీద రాసిన 2000 అనేది పూర్తి వోల్టేజ్ ఉన్నప్పటి మాట, 230కి తయారైన గీజర్‌కి మీ ఇంట్లో 207 మాత్రమే వస్తుంటే అది లాగేది 1620 వాట్లే, వోల్టేజ్ పది శాతం పడితే వాట్లు 19 శాతం పడతాయి. అందుకే అదే సమయానికి మీటర్ స్క్రీన్ మీద వోల్టేజ్ ఎంతుందో చూసి మరీ తేల్చండి. అప్పటికీ లెక్కకి బాగా తేడా కనిపిస్తే, అప్పుడు టెస్టింగ్‌కి పెట్టండి, ఈ లెక్క కాగితం మీద రాసి అప్లికేషన్‌తో పాటు ఇస్తే మీ మాటకి బలం ఉంటుంది.

ప్రశ్న: ఊరెళ్తూ అన్ని స్విచ్‌లూ ఆపేశాం, ఫ్రిజ్ కూడా. వారం తర్వాత వచ్చి చూస్తే రీడింగ్ పెరిగింది. ఎక్కడికి పోతోంది కరెంటు?

జవాబు: స్విచ్ ఆపడం వేరు, మెయిన్ ఆపడం వేరు. ముందు మెయిన్ ఆఫ్ చేసి మీటర్ దగ్గర కనీసం ఐదు నిమిషాలు ఓపిగ్గా నిలబడండి, తొందరపడొద్దు, ఎందుకంటే 10 వాట్ల లోడ్‌కి 3200 మీటర్‌లో రెండు బ్లింకుల మధ్య దాదాపు రెండు నిమిషాల గ్యాప్ ఉంటుంది. కొన్ని మీటర్లలో లోడ్ లేనప్పుడు లైటు ఆరకుండా అలాగే వెలుగుతుంది, అది చూసి కంగారుపడకండి, బ్లింక్ అయితేనే యూనిట్ కదిలినట్టు.

మెయిన్ ఆపినా బ్లింక్ అవుతూనే ఉంటే గొడవ మీటర్‌లోనో, మీటర్‌కీ మెయిన్‌కీ మధ్య వైర్‌లోనో, ఎవరైనా అక్కడ్నుంచి లైన్ లాగారో. ఇది కరెంటు ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వాల్సిన విషయం, సీల్ మీద మాత్రం చెయ్యి వేయొద్దు. మెయిన్ ఆపగానే ఆగిపోతే సంగతి ఇంట్లోనే ఉంది. అన్ని ఎంసీబీలూ (బోర్డులో ఒక్కో లైన్‌కి ఉండే చిన్న ఆటోమేటిక్ స్విచ్‌లు) దించేసి మెయిన్ వేయండి, తర్వాత ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ ఎక్కడ బ్లింక్ మొదలవుతుందో చూడండి. ఎక్కువసార్లు దొరికేది ఇన్వర్టరే, బ్యాటరీ నిండాక కూడా అది కాస్త లాగుతూనే ఉంటుంది, పాత బ్యాటరీ అయితే ఇంకా ఎక్కువ. తర్వాత వైఫై రూటర్, సెట్‌టాప్ బాక్స్, రిమోట్‌తో మాత్రమే ఆపిన ఏసీ.

ఇవేవీ కాకుండా ఖాళీ లైన్‌లో బ్లింక్ వస్తోందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. గీజర్ ఎలిమెంట్ పాడయ్యో, మోటార్ కేబుల్ తడిసో ఎర్త్‌లోకి కరెంటు లీక్ అవుతుండొచ్చు. 230 వోల్టుల దగ్గర అర ఆంప్ లీక్ అయితే 115 వాట్లు, నెలకి 80 యూనిట్ల పైమాటే, డబ్బు సంగతి అటుంచండి, అది మనిషికి షాక్ కొట్టే ప్రమాదం. ఆ ఎంసీబీ దించేసి అలాగే ఉంచి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీక్ అవ్వగానే దానంతటదే ఆపేసే స్విచ్) లేకపోతే అదే రోజు పెట్టించుకోండి.

ప్రశ్న: క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ తగిలించి ఆంప్స్ చూసేది) పెట్టి చూస్తే మోటార్ 4 ఆంప్స్ తీసుకుంటోంది, 230తో గుణిస్తే 920. మీటర్ లైటు లెక్క ప్రకారం 640 దగ్గరే వస్తోంది. ఏది తప్పు?

జవాబు: రెండూ రైటేనండి. మీరు గుణించి తెచ్చింది వోల్ట్ ఆంపియర్లు, దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో గుణిస్తేనే వాట్లు. మీ మోటార్‌ది 0.7 ఉందనుకుంటే 644, సరిపోయింది కదా. గీజర్, ఇస్త్రీపెట్టె లాంటి వాటికి పవర్ ఫ్యాక్టర్ దాదాపు 1 కాబట్టి ఈ తేడా రాదు.

ప్రశ్న: ఏసీ వాడం, గీజర్ పావుగంటే వేస్తాం, అయినా యూనిట్లు తగ్గవు. రోజూ రీడింగ్ రాసుకుంటే ఉపయోగం ఉంటుందా, యాప్ ఏదైనా వాడాలా?

జవాబు: ఒక యూనిట్ కావాలంటే 2000 వాట్ల గీజర్ అరగంట నడవాలి, 75 వాట్ల పాత ఫ్యాన్ పదమూడు గంటల పైన నడవాలి, 10 వాట్ల సెట్‌టాప్ బాక్స్ వంద గంటలు ఆన్‌లో ఉండాలి. మనకి భయం గీజర్ అంటేనే, కానీ మీరు పావుగంటతో ఆపేస్తారు, ఫ్యాన్‌ని ఎవరూ ఆపరు. 75 వాట్ల ఫ్యాన్ బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటార్ ఉన్నది) రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి, అదీ ఒక్క ఫ్యాన్‌కి. మీ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లున్నాయో, ఎన్ని గంటలు తిరుగుతాయో చూసుకోండి.

యాప్ అక్కర్లేదు, నోట్‌బుక్ చాలు, కాకపోతే రోజూ ఒకే టైముకి రాయాలి, ఒకరోజు పొద్దున ఒకరోజు రాత్రి రాస్తే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. పాయింటు తర్వాత అంకె కూడా రాయండి. పక్కన ఒక ముక్క, ఆ రోజు ప్రత్యేకంగా ఏం జరిగిందో. "సోమ 8.9, మంగళ 9.3, బుధ 14.1, వాషింగ్ మెషిన్ రెండుసార్లు వేడినీళ్లతో" అని ఉందనుకోండి, ఆ అయిదు యూనిట్లు ఎక్కడివో వెతుక్కోనక్కర్లేదు. దీంతోపాటు వారంలో ఒకట్రెండుసార్లు పడుకోబోయే ముందు, లేవగానే రీడింగ్ చూడండి, మనం నిద్రపోయేటప్పుడు కాలేది ఎంతో తెలుస్తుంది, ఫ్రిజ్ పాడవుతుంటే అది బయటపడేది ఇక్కడే. ఫ్రిజ్ మీద రాసిన వాట్లని 24తో గుణించొద్దు, కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది, ప్లగ్ మీటర్ (సాకెట్‌కీ వస్తువు ప్లగ్‌కీ మధ్య పెట్టి యూనిట్లు చూసేది) పెట్టి పూర్తిగా ఒకరోజు వదిలేస్తేనే నిజం తెలుస్తుంది. నెలకోసారి రీడింగ్‌ని ఫోన్‌తో ఫోటో కూడా తీసిపెట్టుకోండి, మీటర్ నంబర్ కనపడేలా, బిల్లులో తప్పు పడ్డప్పుడు చూపించడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఇంకోటి లేదు.

ప్రశ్న: సోలార్ పెట్టించాం. ఇప్పుడు మీటర్‌లో రెండు రీడింగులు వస్తున్నాయి, మేం ఎంత వాడుతున్నామో అర్థం కావట్లేదు.

జవాబు: ఇంపోర్ట్ అంటే లైన్ నుంచి మీరు తీసుకున్నది, ఎక్స్‌పోర్ట్ అంటే మీరు లైన్‌కి పంపింది. పగలు ప్యానెల్ కరెంటు ముందు ఇంట్లో వాడేసుకుని మిగిలిందే బయటికి పోతుంది కాబట్టి ఈ రెండిట్లో మీ అసలు వాడకం కనపడదు. సోలార్ ఇన్వర్టర్ స్క్రీన్ మీద ఆ రోజు ఎంత తయారైందో చూడండి, అందులోంచి ఆ రోజు పెరిగిన ఎక్స్‌పోర్ట్ తీసేసి, ఆ రోజు పెరిగిన ఇంపోర్ట్ కలపండి. 12 తయారై, 7 బయటికి పోయి, 5 లోపలికొస్తే మీరు వాడింది 10. కాబట్టి మీ నోట్‌బుక్‌లో రోజుకి మూడు గడులు గీసుకోవాలి, అది కూడా చీకటి పడ్డాక రాస్తే ఆ రోజు తయారైన లెక్క పూర్తిగా వస్తుంది.