సరిపోలడం వేరు, పోల్చుకోవడం వేరు

సందేహం: ‘ఘటనాస్థలంలో దొరికిన రక్తంతో నిందితుడి డీఎన్‌ఏ సరిపోయింది. అతను నిర్దోషి అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి మాత్రమే’ అని ఒక వార్తలో చదివాను. ‘సరిపోయింది’ అనాలా, ‘సరిపోలింది’ అనాలా? ‘అవకాశం’ బదులు ‘సంభావ్యత’ అనడం మేలా?

సమాధానం: ‘సరిపోలింది’ అనడమే మేలు. సరిపోవడమంటే చాలడం, కొలతకు కుదరడం. చొక్కా సరిపోతుంది, జీతం సరిపోదు. అయితే రెండు అంకెలు ఒకటైనప్పుడు ‘లెక్క సరిపోయింది’ అనడం కూడా వాడుకే కాబట్టి, మొదటి మాటను తప్పని కొట్టిపారేయలేను. ‘మ్యాచ్ అయింది’ అన్నా నాకు పేచీ లేదు.

ఈ ‘పోలు’ ధాతువు దగ్గర కాసేపు ఆగాలి. తమిళంలో పోల, మలయాళంలో పోలె, కన్నడంలో హోలు, అన్నీ దీని చుట్టాలే. పోలడమంటే ఒకలా ఉండటం. దాని ప్రేరణరూపం ‘పోల్చు’, అంటే పక్కపక్కన పెట్టి చూడటం. అలా చూశాక ‘ఇతనే’ అని గుర్తుపట్టడం కూడా మనకు పోల్చడమే అయింది. ‘గడ్డం పెంచావు, నిన్ను పోల్చుకోలేకపోయాను’ అంటాం. ఒకలా ఉన్నారా అన్న ప్రశ్న నుంచి ఎవరన్న జవాబు దాకా ఒకే క్రియ నడిచిపోయింది. ఇంట్లో దీనివల్ల నష్టం లేదు. కోర్టులో అలా నడిచిపోతే ఒక మనిషి జైలుకు పోతాడు.

శ్రీహర్షుడి కావ్యాన్ని శ్రీనాథుడు శృంగార నైషధంగా తెలుగు చేశాడు గదా. అందులోని స్వయంవర ఘట్టాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. దమయంతి ముందు ఐదుగురు నలులు కూర్చుని ఉంటారు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపంలో వచ్చారు. సరస్వతి ఒక్కొక్కరినీ వర్ణిస్తుంది. శ్లేష బలంతో ఆ మాట ఆ దేవుడికీ వర్తిస్తుంది, నలుడికీ వర్తిస్తుంది. ఐదుగురూ సరిపోలారు, ఆమె మాత్రం పోల్చుకోలేకపోయింది! రూపం ఎంత అచ్చంగా కలిసినా ఆమె తొందరపడి మాల వేయలేదు. దేవతలను ప్రార్థించాక వేరే గుర్తులు కనబడ్డాయి. వాళ్ల రెప్పలు పడవు, పాదాలు నేలకు ఆనవు, మెడలో పూలు వాడవు. రూపం ఆమెను ఐదుగురి దాకా తెచ్చింది, ఒక్కడి దగ్గరికి చేర్చినవి ఈ గుర్తులే.

ఇప్పుడు మీరు పంపిన రెండో వాక్యానికి వద్దాం. నన్ను నిజంగా బాధపెట్టింది అదే. ప్రయోగశాల చెప్పే మాట ఇది: ‘రక్తం ఇతనిది కాకపోతే, ఇతని డీఎన్‌ఏ దానితో ఇలా సరిపోలే అవకాశం పది లక్షల్లో ఒకటి’. విలేఖరి చేతిలో అది ‘సరిపోలితే, రక్తం ఇతనిది కాకపోయే అవకాశం పది లక్షల్లో ఒకటి’ అయి, అక్కడినుంచి ‘నిర్దోషి అయ్యే అవకాశం’ అయింది. చేదర్థకం, అంటే షరతు చెప్పే ‘తే’, ఒక క్రియ మీదనుంచి ఇంకో క్రియ మీదికి గెంతింది. ఇలా తిరగేస్తే ఏమవుతుందో చూడండి. అచ్చతెలుగు మాటైతే అచ్చుతో ముగుస్తుందంటారు. అచ్చుతో ముగిస్తే అచ్చతెలుగు మాటేనా? పియానో, సోఫా కూడా అచ్చుతోనే ముగుస్తాయి. బడిపిల్లవాడు చేయని పొరపాటును పత్రిక చేయడమేమిటి?

లెక్క వేసి చూడండి. ఆ రక్తం తమదై ఉండగలవాళ్లు 50 లక్షల మంది అనుకుందాం. పది లక్షలకు ఒకరు చొప్పున అలాంటి డీఎన్‌ఏ నమూనా ఉన్నవాళ్లు ఐదుగురు తేలతారు. వేరే సాక్ష్యమేదీ లేకపోతే నిందితుడు ఆ ఐదుగురిలో ఒకడు, అంతే. రక్తం అతనిది కాకపోయే అవకాశం ఐదింట నాలుగు! అన్నదమ్ములుంటే లెక్క ఇంకా మారుతుంది, తోబుట్టువుల మధ్య పోలికలెక్కువ. కవలల్లో ఒకే పిండం నుంచి పుట్టినవాళ్లను మామూలు పరీక్ష విడదీయనే లేదు. పోనీ రక్తం అతనిదే అని తేలినా, నేరం అతనిదని వేరుగా రుజువు చేయాలి.

1996లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ఒక తీర్పులో ఈ పొరపాటును విడమర్చి చెప్పింది. మరక నిందితుడిదే అయ్యే అవకాశం ఎంతో నిపుణుడు చెప్పకూడదంది. జ్యూరీకి ఎలా చెప్పాలో నమూనా కూడా ఇచ్చింది. దాని సారం: ‘ఈ మరక ఎవరిదై ఉండవచ్చో అలాంటి తెల్లజాతి మగవాళ్లు దేశంలో బహుశా నలుగురో ఐదుగురో ఉంటారు, నిందితుడు వాళ్లలో ఒకడు.’ చదవగానే నాకు దమయంతి ముందు కూర్చున్న ఆ వరుస కళ్లకు కట్టింది. 2010లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే పొరపాటును వివరించింది.

ఇక ‘సంభావ్యత’. గణిత పుస్తకాల్లో స్థిరపడిన మాట, ఉండనివ్వండి. పండితులకిచ్చే సంభావన కూడా ఆ ధాతువుదే. పత్రికకు ‘అవకాశం’ చాలు. ఆ వార్త నేను రాస్తే ఇలా రాసేవాణ్ణి: ‘రక్తం నిందితుడిది కాకపోతే, అతని డీఎన్‌ఏ దానితో సరిపోలే అవకాశం పది లక్షల్లో ఒకటి అని నిపుణులు చెప్పారు.’ ‘కాకపోతే’ బదులు ‘కానిపక్షంలో’ అన్నా సరే. ఆ మాటను మాత్రం ఎత్తేయకండి.