సీటు రాలేదని ఏడ్చే ముందు, ఆ ఉత్తరంలో దూరం ఎంత వేశారో చూడండి

ప్రశ్న: మేం ఖమ్మం నుంచి ఇంగ్లండ్ వచ్చి రెండేళ్ళయింది. మావారు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నారు. బాబుకి ఫిబ్రవరిలో నాలుగేళ్ళు నిండాయి, సెప్టెంబర్‌లో రిసెప్షన్‌లో (ఇక్కడి ప్రైమరీ స్కూల్లో మొదటి క్లాసు) చేరాలి. నవంబర్‌లో ఆన్‌లైన్‌లో అప్లై చేశాం. స్కూల్ దగ్గరవుతుందని అద్దె ఎక్కువైనా సరే డిసెంబర్ మొదటి వారంలో ఇల్లు మారాం, కొత్త అడ్రస్ కౌన్సిల్‌కి మెయిల్ చేశాం. ఇప్పుడున్న ఇంటి నుంచి స్కూల్ గేటు నడిస్తే ఐదు నిమిషాలు. వేరే పేర్లు రాస్తే వాటిలో పడేస్తారని ఆ ఒక్క స్కూలే రాశాం. ఏప్రిల్ 16న మెయిల్ వచ్చింది. మేం అడిగిన స్కూల్ కాదు, రెండు మైళ్ళ పైన ఉన్న ఇంకేదో స్కూల్ ఇచ్చారు. మా ఎదురింటి బాబుకి మాత్రం అక్కడే సీటొచ్చింది, వాడికి అక్కా అన్నా కూడా లేరు. ఇచ్చిన సీటు వద్దని రాసేస్తేనే కౌన్సిల్ దిగొస్తుందని తెలిసినవాళ్ళు అంటున్నారు. కోర్టుకి వెళ్ళొచ్చా? అప్పీల్ వేస్తే మా వీసాకి ఏమైనా ఇబ్బందా? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. కౌన్సిల్ పంపిన ఉత్తరం, మేం రాసుకున్న అప్పీల్ డ్రాఫ్ట్ జత చేస్తున్నాను.

జవాబు: మీరు జత చేసిన ఉత్తరం రెండో పేజీలో, కింద చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉందమ్మా, మీరు అక్కడిదాకా చదివినట్టు లేరు. దూరం లెక్కన ఆఖరి సీటు 0.61 మైళ్ళ దగ్గర ఇచ్చాం, మీ ఇంటి దూరం 1.87 మైళ్ళు, అని. ఐదు నిమిషాల నడక 1.87 మైళ్ళు ఎలా అవుతుంది? అది మూడు కిలోమీటర్లు. వాళ్ళు కొలిచింది మీ పాత ఇంటి నుంచి అని నా అనుమానం, దాదాపు నమ్మకం కూడా. కాబట్టి ఏడవడం ఆపి, ముందు గూగుల్ మ్యాప్స్‌లో పాత ఇంటి నుంచి ఆ స్కూల్‌కి ఎంత వస్తుందో కొలిచి చూడండి.

అంతకన్నా ముందు ఒక్క మాట. ఇచ్చిన సీటు వద్దని మాత్రం రాయకండి. ఆ సలహా ఎవరిచ్చారో గానీ, వాళ్ళ పిల్లల విషయంలో వాళ్ళు ఆ పని చేసి ఉండరు. సీటు వద్దంటే కౌన్సిల్ దిగిరాదు, ఒక పని తగ్గిందనుకుంటుంది, అంతే. వాళ్ళు మీకోసం మళ్ళీ వెతికి పెడతారన్న గ్యారంటీ లేదు, సెప్టెంబర్ వచ్చేసరికి బాబు ఏ స్కూల్లోనూ లేకుండా ఇంట్లో కూర్చుంటాడు. సీటు ఒప్పుకున్నంత మాత్రాన మీరు అడిగిన స్కూల్ వెయిటింగ్ లిస్టులో మీ స్థానం తగ్గదు, అప్పీల్ హక్కు పోదు. ఒప్పుకుని, అదే రోజు వెయిటింగ్ లిస్టులో పేరు ఉందో లేదో కనుక్కోండి.

ఇక అసలు ఈ సీట్ల పంపకం ఎలా నడుస్తుందో చెప్తాను, ఎందుకంటే మన వాళ్ళలో చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇంగ్లండ్‌లో (వేల్స్, స్కాట్లండ్, నార్తర్న్ ఐర్లండ్ పద్ధతులు వేరు, వాటి జోలికి పోవడం లేదు) స్కూల్ ఎంచుకునే హక్కు తల్లిదండ్రులకి లేదు. 1998 నాటి స్కూల్ స్టాండర్డ్స్ అండ్ ఫ్రేమ్‌వర్క్ చట్టం 86వ సెక్షన్ ఇచ్చింది ఇష్టం చెప్పుకునే హక్కు మాత్రమే. సీటు ఉంటే ఆ ఇష్టం నెరవేర్చాలి. సీట్ల కన్నా అప్లికేషన్లు ఎక్కువైతే, ముందే ప్రకటించిన ప్రయారిటీల వరస ప్రకారం పంచాలి. ముందు ఈహెచ్‌సీ ప్లాన్‌లో (బిడ్డకి ఏ సాయం కావాలో కౌన్సిల్ రాసిచ్చే పత్రం) ఆ స్కూల్ పేరు ఉన్న ప్రత్యేక అవసరాల పిల్లలు, తర్వాత కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలు, ఆ తర్వాత ఎక్కువ చోట్ల అక్కాతమ్ముళ్ళు అదే స్కూల్లో ఉన్నవాళ్ళు, చివరికి దూరం. ఈ తర్వాతి వరస స్కూల్‌ని బట్టి మారుతుంది, చర్చి స్కూళ్ళలో అయితే మతం కూడా వస్తుంది. హెడ్ టీచర్‌ని కలిసి స్వీట్ బాక్స్ ఇచ్చి, మా వాడు చాలా తెలివైనవాడండీ అంటే ఆవిడ నవ్వి టీ ఇస్తారేమో గానీ సీటు ఇవ్వలేరు. ఇక్కడ ఎమ్మెల్యే లెటర్ కూడా ఉండదు.

ఒకే స్కూల్ రాస్తే అదే ఇస్తారన్నది ఇంకో భ్రమ. ఏ కౌన్సిల్ అయినా కనీసం మూడు పేర్లు రాయనివ్వాలి, లండన్‌లో ఆరు దాకా రాయొచ్చు. మీరు ఏ స్కూల్‌ని ఎన్నో నంబర్‌లో రాశారన్నది సీటు ఇచ్చేటప్పుడు లెక్కలోకి రాదు, మొదటి నంబర్ ఇచ్చినవాళ్ళకే ముందు అనే పద్ధతి ఎప్పుడో నిషేధించారు. రాసిన స్కూళ్ళలో రెండు మూడింట్లో మీకు అర్హత వస్తే, వాటిలో మీరు పైన రాసింది ఇస్తారు. ఒక్కటే రాసి అది రాకపోతే, మిగతా పిల్లలందరికీ పంచాక ఎక్కడ ఖాళీ మిగిలిందో అది మీకొస్తుంది. మీకు జరిగింది సరిగ్గా అదే. వచ్చే ఏడాది అప్లై చేసే వాళ్ళెవరైనా చదువుతుంటే, గడులన్నీ నింపండి, మధ్యలో ఒక్కటైనా కచ్చితంగా వచ్చేది, మీకు ఫర్వాలేదనిపించేది ఉండాలి.

ఇప్పుడు మీ కేసు. ప్రైమరీ అప్లికేషన్‌కి ఆఖరు తేదీ జనవరి 15. మీరు మారింది డిసెంబర్ మొదటి వారంలో, మెయిల్ పెట్టింది ఆ వెంటనే. అంటే గడువుకి నెల ముందే కౌన్సిల్‌కి తెలుసు. ఎదురింటి బాబుకి తోబుట్టువులు లేకుండానే సీటు వచ్చిందంటే దూరం మీదే వచ్చి ఉండొచ్చు, అప్పుడు మీ ఇంటి దూరం సరిగ్గా వేసి ఉంటే మీకూ రావాలి. (ఆ విషయం మీకు ఆధారంగా మాత్రమే. వాళ్ళ పేరు ఎక్కడా రాయకండి, అప్పీల్‌లో పక్కింటి పిల్లాడిని లాగితే మీ మాటకే విలువ తగ్గుతుంది.)

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, ముందే చెప్పకపోతే తర్వాత మీరు నన్ను తిట్టుకుంటారు. ప్రతి కౌన్సిల్ ఏటా అడ్మిషన్ల బుక్‌లెట్ ఒకటి వేస్తుంది. అందులో ఇల్లు మారితే ఏం చేయాలో రాసి ఉంటుంది. కొన్ని చోట్ల మెయిల్ చాలు, కొన్ని చోట్ల అద్దె ఒప్పందం, కౌన్సిల్ టాక్స్ బిల్లు జత చేయాలి, కొన్ని చోట్ల మీరే లాగిన్ అయ్యి ఫారంలో అడ్రస్ మార్చాలి. మీరు మెయిల్ ఒక్కటే పెట్టి, వాళ్ళు అడిగిన కాగితాలు పంపకపోతే, తప్పు మాది కాదు మీదే అంటారు. నా క్లయింట్ ఒకాయన ఇలాగే వచ్చారు. ఆయన మెయిల్ పెట్టింది నిజమే, కానీ పంపింది కౌన్సిల్ టాక్స్ డిపార్ట్‌మెంట్‌కి. కౌన్సిల్ ఒక్కటే కదా సార్ అన్నారు. బిల్డింగ్ ఒక్కటే, అడ్మిషన్ల వాళ్ళ ఇన్‌బాక్స్ వేరు. కాబట్టి మీ మెయిల్ ఏ ఐడీకి వెళ్ళింది, ఆటోమేటిక్ రిప్లై ఏమైనా వచ్చిందా, ఏం జత చేశారు, ఇవి మూడూ ఈ రాత్రికే తీసి చూడండి. పాత ఇల్లు పూర్తిగా వదిలేశారని చూపించే కాగితం కూడా పెట్టుకోండి, స్కూల్ కోసం తాత్కాలికంగా అద్దెకి తీసుకునేవాళ్ళు ఉంటారని కౌన్సిళ్ళు ప్రతిదాన్నీ అనుమానంగానే చూస్తాయి.

కాగితాలు సరిగ్గా ఉంటే, అప్పీల్‌ దాకా ఆగకుండా ముందు అడ్మిషన్ల టీమ్‌కే రాయండి. ఫలానా తేదీన కొత్త అడ్రస్ తెలియజేశాం, ఉత్తరంలో ఉన్న 1.87 మైళ్ళు ఏ అడ్రస్ నుంచి కొలిచారో చెప్పండి, సరైన అడ్రస్ నుంచి మళ్ళీ కొలిచి, సీటు రావాల్సిందైతే ఇవ్వండి, అని. కోపం వద్దు, నాలుగు లైన్లు చాలు. కొలత చాలా కౌన్సిళ్ళలో కంప్యూటర్ మీద గీత గీసినట్టు సూటిగా ఉంటుంది, కొన్నిట్లో నడిచే దారి లెక్క, మీ వాళ్ళది ఏదో బుక్‌లెట్‌లోనే ఉంటుంది. వాళ్ళు క్లాస్ నిండిపోయింది, 30 దాటకూడదు కదా అనొచ్చు. అప్పుడు మీరు తడబడకండి. రిసెప్షన్, ఇయర్ వన్, ఇయర్ టూ క్లాసుల్లో ఒక టీచర్‌కి 30 మంది పిల్లలే ఉండాలన్న మాట నిజం, అదే 1998 చట్టంలో ఉంది. కానీ అప్లికేషన్ ప్రాసెస్‌లో కౌన్సిల్ చేసిన పొరపాటు వల్ల సీటు పోయిన బిడ్డని తర్వాత చేర్చుకుంటే, ఆ బిడ్డ ఆ లెక్కలోకి రాకుండా స్కూల్ అడ్మిషన్స్ కోడ్ (అడ్మిషన్లకి ప్రభుత్వం పెట్టిన నియమావళి) మినహాయింపు ఇచ్చింది. 31వ బిడ్డని చేర్చుకోవడానికి దారి ఉంది.

టీమ్ ఒప్పుకోకపోతే, లేదా రిప్లై ఇవ్వకుండా నానబెడితే, అప్పీల్ వేయండి. అసలు ఈలోపే వేసేయండి, రెండూ పక్కపక్కన నడవొచ్చు. ఉత్తరం వచ్చిన రోజు నుంచి కనీసం 20 స్కూల్ పనిదినాలు మీకు టైం ఇవ్వాలి, ఆఖరు తేదీ ఆ ఉత్తరంలోనే ఉంటుంది, ఆ గడువు అయిన 40 స్కూల్ పనిదినాల్లోపు విచారణ జరగాలి. ఫీజు లేదు. లాయర్ కూడా అక్కర్లేదు, ఇది రాస్తే నా తోటి సొలిసిటర్లకి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. ప్యానెల్‌లో కనీసం ముగ్గురుంటారు, కౌన్సిల్ ఉద్యోగులు అందులో కూర్చోకూడదు, వాళ్ళు సీటు ఇవ్వమంటే స్కూల్ ఇచ్చి తీరాలి.

అయితే ఈ చిన్న క్లాసుల అప్పీల్ మామూలు అప్పీల్ లాంటిది కాదు. పెద్ద క్లాసులైతే, బిడ్డకి ఆ స్కూల్ ఎందుకు అంత అవసరమో చెప్తే ప్యానెల్ దాన్ని తూకం వేసి చూస్తుంది. 30 మంది పరిమితి ఉన్న చోట అలాంటి తూకం ఉండదు. ఇంకో బిడ్డని చేర్చుకున్నా పరిమితి దాటదని, లేదా రూల్స్ చట్టప్రకారం లేవని, లేదా వాటిని సరిగ్గా వర్తింపజేయలేదని, సరిగ్గా చేసి ఉంటే ఈ బిడ్డకి సీటు వచ్చేదని, లేదా బుద్ధి ఉన్న ఏ అధికారీ ఈ నిర్ణయం తీసుకోడని చూపించాలి. ఈ ఆఖరిది నిరూపించడం చాలా కష్టం. మీరు నాకు పంపిన డ్రాఫ్ట్‌లో మూడు పేజీలు ఉన్నాయి, ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, కారు ఒక్కటే, పెద్దావిడ ఇంట్లో ఉన్నారు, బాబు కొత్తవాళ్ళతో కలవడు, అని. అన్నీ నిజమే, నాకు బాధగానే ఉంది. కానీ వీటివల్ల ఈ అప్పీల్ గెలవరు. అడ్రస్ మారిన విషయం ఎక్కడుందో తెలుసా? మూడో పేజీలో, చివరి పేరాలో, సగం లైను. దాన్ని మొదటి లైనులోకి తెచ్చి, మెయిల్, అద్దె ఒప్పందం, కౌన్సిల్ టాక్స్ బిల్లు, రెండు ఇళ్ళ నుంచి దూరాలు జత చేసి, మిగతాదంతా అర పేజీకి తగ్గించండి.

వెయిటింగ్ లిస్టు గురించి ఒక మాట. అది రేషన్ క్యూ కాదు, ముందు నిలబడ్డవాళ్ళకి ముందు అన్న లెక్క లేదు. అవే ప్రయారిటీల ప్రకారం ఉంటుంది, రేపు మీకన్నా దగ్గర ఇంటివాళ్ళు వచ్చి చేరితే మీరు కిందికి జరుగుతారు. కనీసం డిసెంబర్ 31 దాకా లిస్టు ఉంచాలి. మీ పేరు ఇప్పుడు 1.87 మైళ్ళ దూరంతోనే అందులో ఉందని మర్చిపోకండి. అడ్రస్ సరిచేయించుకుంటే, మీ స్థానం చాలా పైకి వెళ్తుంది. జూన్, జూలైల్లో ఇళ్ళు మారేవాళ్ళు, ప్రైవేట్ స్కూళ్ళకి వెళ్ళేవాళ్ళు కొన్ని సీట్లు వదులుతుంటారు.

వీసా గురించి భయం వద్దు. ప్రభుత్వ స్కూల్లో చదువు పబ్లిక్ ఫండ్స్ (మీలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తీసుకోకూడని ప్రభుత్వ సాయం) కింద రాదు, డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలు చదువుకోవచ్చు, అప్పీల్ వేశారని హోమ్ ఆఫీస్ వాళ్ళు మీ ఫైల్ తీయరు. కోర్టు మాట ఇప్పుడు వద్దు. అప్పీల్ అనే దారి ఉండగా కోర్టుకి వెళ్తే, ముందు అది చూసుకుని రమ్మంటారు. అప్పీల్ ఓడిపోయి, విచారణ నడిపిన తీరులోనే తప్పు ఉంటే, లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కి (కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ) ఫిర్యాదు చేయొచ్చు, అదీ ఉచితమే. మీరడిగింది కౌన్సిల్ నడిపే కమ్యూనిటీ స్కూల్ కాబట్టి ఇలా చెప్తున్నాను. అకాడమీ (ప్రభుత్వ డబ్బుతోనే, కానీ కౌన్సిల్ కాకుండా ఒక ట్రస్టు నడిపే స్కూల్) అయితే అప్పీల్ ఆ ట్రస్టు ఏర్పాటు చేస్తుంది, ఫిర్యాదు డిపార్ట్‌మెంట్ ఫర్ ఎడ్యుకేషన్‌కి వెళ్తుంది.

బాబుకి ఐదు నిండేది వచ్చే ఫిబ్రవరిలో కాబట్టి, చట్టప్రకారం బడికి తప్పనిసరి వయసు ఆ తర్వాత ఏప్రిల్ టర్మ్ నుంచే. సెప్టెంబర్‌కి ఇదంతా తేలకపోతే, ఇచ్చిన స్కూల్లో సీటు ఉంచుకుని, కొన్నాళ్ళు సగం రోజులకి పంపడం, లేదా జనవరిలో మొదలుపెట్టడం కుదురుతుంది. ఆ స్కూల్‌కి రాసి అడగండి. ఒకవేళ అక్కడే చదవాల్సి వస్తే, తప్పనిసరి బడి వయసు వచ్చిన, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి నడిచే దారి రెండు మైళ్ళు దాటి, సీటున్న స్కూళ్ళలో దగ్గరిది అదే అయితే, ఉచిత ప్రయాణం ఇవ్వాల్సిన బాధ్యత కౌన్సిల్‌ది. దానికి విడిగా అప్లై చేయాలి, ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఆ డిసెంబర్ మెయిల్ దొరకగానే నాకు పంపండి. స్క్రీన్‌షాట్ వద్దు, మెయిల్‌నే ఫార్వర్డ్ చేయండి, తేదీ, టైం, ఎవరికి పంపారో కనపడాలి.