ఫిడేలు మాత్రం వదల్లేదు

తమ్ముడూ,

నీ ఉత్తరం, కొత్త కథ అందాయి. "ఇప్పుడందరూ థ్రిల్లర్లే చదువుతున్నారన్నా, అందుకే రూటు మార్చాను" అన్నావు. మార్చినందుకు కోపం లేదు. కానీ కథంతా వెతికినా నువ్వు కనపడలేదు.

రూటు మార్చడమంటే ఒక ముచ్చట గుర్తొచ్చింది. స్లేడ్ అని ఇంగ్లండ్‌లో ఒక రాక్ బ్యాండ్ ఉండేది. వుల్వర్‌హాంప్టన్ వైపు కుర్రాళ్లు. 1969లో మేనేజర్ వాళ్లు చెప్పారని జుట్టు కత్తిరించుకుని, బరువు బూట్లేసుకుని స్కిన్‌హెడ్ ఫ్యాషన్‌లో దిగారు. పేపర్లలో పడ్డారు గానీ రికార్డులు అమ్ముడుపోలేదు. తర్వాత జుట్టు పెంచి, తళతళలాడే బట్టలేసి గ్లామ్ రాక్‌లోకి వచ్చారు. 1971లో 'కజ్ ఐ లవ్ యూ' అక్కడ నంబర్ వన్. బేస్ గిటారు వాయించే జిమ్ లీ అందులో ఎలక్ట్రిక్ ఫిడేలు అందుకున్నాడు. పాటల పేర్లు కూడా నోటితో పలికినట్టే, స్పెల్లింగు తప్పులతో వేసేవారు. టీచర్లు గొడవపెట్టినా మానలేదు. (నా యాసంతా దిద్ది పంపిన ఎడిటరొకాయన గుర్తొస్తాడు నాకు.) 1973 అయ్యేసరికి ఆరు నంబర్ వన్‌లు.

ఆ తర్వాత అమెరికా మీద మోజు. 1975లో మకాం మార్చారు. 1976 నాటి 'నోబడీస్ ఫూల్స్' ఆల్బమ్‌లో అక్కడి సోల్, ఫంక్ సంగీతాల వాసనలు అద్దారు. అమెరికా పట్టించుకోలేదు. తిరిగొచ్చేసరికి సొంతూళ్లో పంక్ అనే మొరటు రాక్ జోరు. మూడు నాలుగేళ్లు చిన్నచిన్న హాళ్లలో వాయించుకున్నారు.

1980లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్లో జరిగే రాక్ ఫెస్టివల్‌కి గాయకుడు ఓజీ ఆస్బోర్న్ రాలేకపోతే చివరి నిమిషంలో వీళ్లని పిలిచారు. ఎదురుగా హెవీ మెటల్ అనే హోరెత్తించే రాక్ ఇష్టపడే జనం. వీళ్లు పాత పాటలే ఇంకా గట్టిగా వాయించారు. జనం ఊగిపోయారు.

1984లో 'రన్ రన్‌అవే' అమెరికాలో 20వ స్థానం దాకా వెళ్లింది. అదృష్టం కూడా ఉందిలే, అంతకుముందు ఏడాదే క్వైట్ రయట్ అనే అమెరికా బ్యాండు వాళ్లు వీళ్ల పాటని అక్కడ హిట్ చేసి దారి వేశారు. 'రన్ రన్‌అవే'లో డ్రమ్ముల మోత అచ్చం ఎనభైల నాటిదే. మధ్యలో మాత్రం అదే జిమ్ లీ, అదే ఫిడేలు.

నీ కథకొస్తా. ఎస్సై డబ్బింగ్ సినిమాలోలా మాట్లాడుతున్నాడు. నీ మొదటి కథలో చేపల సంతలో బేరమాడే అమ్మమ్మ ఉంది చూడు, ఆ నోరు ఏమైంది? హత్య ఉండనీ, తీసెయ్యకు. ఆ సంతలోనే జరగనీ. అమ్మమ్మ చేత సాక్ష్యం చెప్పించి పంపు. ఈ నెలంతా ఊళ్లోనే ఉంటాను.

నీ అన్న