పప్పులో ఉప్పు

చిన్నా,

టెస్ట్ పైలట్ స్కూల్‌కి సెలెక్టయ్యావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెబుతూనే ఏడ్చింది. 2025లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చిన శుభాంశు శుక్లా కూడా టెస్ట్ పైలటేనని ఎవరో చెప్పారట. "వీణ్ణీ పైకి పంపేస్తారా అన్నయ్యా?" అంది. ఆ మాటకి నేనే ఉలిక్కిపడ్డాను. ఏదో ధైర్యం చెప్పి పెట్టేశాను గానీ, రాత్రి నాకూ నిద్ర లేదు. మీ అత్తయ్యేమో "మీరు వెళ్లేటప్పుడు నన్నడిగారా?" అని అటు తిరిగి పడుకుంది.

బెంగళూరులో 48 వారాల కోర్సు. ఎగరడం ఎంతో రాయడం అంత. లెక్కల పుస్తకాలు దుమ్ము దులుపు. టెస్ట్ కార్డు, అంటే మర్నాడు గాల్లో ఏమేం చెయ్యాలో రాసిన కాగితం, ముందు రాత్రే చదువుకో. విమానం తట్టుకోగల అంచు దాకా ఒక్క దూకులో పోకు, మెట్టు మెట్టుగా వెళ్లు. కింద టెలిమెట్రీ (విమానం నుంచి వచ్చే కొలతలు) చూస్తున్న ఇంజనీర్ ఆపమంటే ఆపు, ఎందుకో దిగాక అడుగు. ఇవన్నీ అక్కడ నూరిపోస్తారులే.

నా భయం వేరు. నీకు ఆరేళ్లప్పుడు మీ అత్తయ్య పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, గుర్తుందా? మేమంతా మొహాలు చూసుకుంటుంటే నువ్వు పెరుగు కలుపుకుని కిక్కురుమనకుండా తినేశావు. ఎలా ఉందిరా అంటే "బాగుంది అత్తయ్యా" అన్నావు. ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయాం. ఇప్పుడది తలుచుకుంటే గుండె గుభేలుమంటోంది.

అక్కడ కూపర్-హార్పర్ స్కేల్ నేర్పుతారు. 1969 నాటిది, విమానానికి పైలట్ వేసే అంకె, 1 నుంచి 10 దాకా. విమానం ఎంత బాగా ఎగిరిందని మాత్రమే కాదు, దాన్ని అలా ఎగిరించడానికి నువ్వెంత సర్దుకోవాల్సి వచ్చిందని కూడా అడుగుతుంది. 1 అంటే బంగారం. 10 అంటే చేతికి చిక్కదు.

నేను కోర్సు పాసైన రెండో ఏడు. ఒక విమానం కంట్రోల్స్‌లో చిన్న మార్పు చేసి, దిగేటప్పుడు ఎలా ఉందో చూడమన్నారు. రన్‌వే దగ్గరికొచ్చేసరికి ముక్కు కాస్త ఊగింది. చేత్తో సర్దాను. నాలుగు ల్యాండింగులూ పూలలో పెట్టినట్టు దింపాను. దిగాక 3 వేశాను. అంటే కాస్త చికాకున్నా పైలట్ పెద్దగా సర్దుకోనక్కర్లేదని. అబద్ధం రాయలేదురా, నాకు నిజంగానే కష్టమనిపించలేదు. కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

మూడు వారాల తర్వాత, గాలి విసిరి విసిరి కొడుతున్న రోజు, నాకన్నా జూనియర్ ఒకతను అదే విమానం దింపుతున్నాడు. ముక్కు ఊగింది. ఆపబోయాడు. ఆపేకొద్దీ ఊపు పెరిగింది. ముందు చక్రం విరిగి రన్‌వే మీద ఈడ్చుకుపోయింది. ప్రాణం దక్కింది గానీ నడుము దెబ్బతింది. అతను మళ్లీ ఫైటర్ ఎక్కలేదు.

మా ఇంజనీర్ నేను ఎగిరినప్పటి రికార్డింగ్ కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. విమానం ముక్కు గీత దాదాపు తిన్నగా ఉంది. దాని కిందే నా స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) గీత, రంపం పళ్లలాగా. ఒక మూల టీ గ్లాసు మరక. "ఇది మూడా సార్?" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. దానికి 5 అయినా వెయ్యాలి. నా చెయ్యి విమానం తప్పును కప్పేసింది, నా కలం దానికి సంతకం పెట్టింది.

ఆసుపత్రికి వెళ్తే ఆ కుర్రాడు నన్నేమీ అనలేదు. "మీరైతే దించేసేవారు సార్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అందుకే చెబుతున్నా. నీ చెయ్యి నాకన్నా మెత్తన, అది నాకు తెలుసు. నీ తర్వాత ఎక్కేవాడికి ఆ చెయ్యి ఉండదు. మర్యాద మెస్‌లో చూపించు, రిపోర్టులో కాదు. డిజైన్ చేసినవాళ్లు పదేళ్ల కష్టాన్ని కళ్లలో పెట్టుకుని ఎదురుగా కూర్చుంటారు. అప్పుడు 6 వెయ్యడం, విమానం గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌లోంచి బయటపడటం కన్నా కష్టం.

బెంగళూరులో సురంజన్ దాస్ రోడ్డుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని హారన్ కొట్టేవాళ్లలో ఆయనెవరో ఎందరికి తెలుసో. 1961 జూన్ 17న, మన దేశంలో తయారైన మారుత్ ఫైటర్‌ను మొదటిసారి గాల్లోకి లేపింది ఆయనే. 1970 జనవరి 10న ఆ మారుత్‌లోనే, కొత్త రకాన్ని పరీక్షిస్తూ పోయాడు. నేను ఆ రోడ్డు మీద స్కూటర్‌పై వెళ్లినప్పుడల్లా బోర్డు వంక చూసేవాణ్ణి కాదు. నువ్వు చూడు, ఫరవాలేదు.

ఒక్కటి మాత్రం కచ్చితంగా చెయ్యి. ఎగిరిన రోజు సాయంత్రం మీ అమ్మకి "దిగాను" అని మెసేజ్ పెట్టు. ఆ ఒక్క మాట చాలు. అదే మీ అత్తయ్యకీ పంపు. ఫోన్ ఆవిడ దగ్గరే ఉంటుంది, నేను పక్కనే ఉంటాను.

మీ మామయ్య